ఆత్మప్రేమ, అరడబ్బా అమృతాంజనం

ఈ దీపావళికి మా షాపులో బోనసు ఇవ్వలేదు. ఆత్మప్రేమ ఇచ్చారు.

మాది జార్జి టౌన్‌లో, గోడౌన్ వీధిని ఆనుకుని ఉన్న సందులో హోల్‌సేలు బట్టల కొట్టు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ గుమాస్తాని. పెద్ద షావుకారుగారి హయాంలో పండక్కి పది రోజుల ముందే ఒక నెల జీతం కవరులో పెట్టి, దాని మీద ఒక పంచె, అరకిలో మైసూరుపాకు ఉంచి చేతికిచ్చేవారు. ఇస్తూ ఇస్తూ తిట్టేవారు కూడా. తిట్టుకీ కవరుకీ సంబంధం ఉండేది కాదు గనక మేమేమీ అనుకునేవాళ్లం కాదు. ఆయన పోయాక గల్లా చిన్న షావుకారు చేతికొచ్చింది. ఈయన తిట్టడు. "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటాడు. పండగ దగ్గర పడుతుండగా అందర్నీ పిలిచి, "ఈసారి మీకు డబ్బు కన్నా విలువైనది ఇస్తున్నా" అన్నాడు. ఆ మాట డబ్బున్నవాడి నోట వచ్చిందంటే జీతగాడు జేబు తడుముకోవాలి. తడుముకున్నాను.

ఆదివారం పొద్దున పదింటికి పై అంతస్తులో బేళ్లు గోడవారకి నెట్టి జంపఖానా పరిచారు. గుమాస్తాలం నలుగురం, సేల్స్ కుర్రాళ్లు ఆరుగురు, బేళ్లు మోసే తాత, ఆయన జట్టులో ముగ్గురు. కోచ్ వచ్చిందన్నారు. కోచ్ అంటే నాకు తెలిసింది సెంట్రల్ స్టేషన్‌లో ఎస్-4 ఒక్కటే. తీరా చూస్తే పాతికేళ్ల అమ్మాయి, అడయారు నుంచి. మనిషి మంచిదే, తెలుగూ చక్కగా మాట్లాడింది. తలా ఒక గుడ్డసంచీ ఇచ్చింది. అందులో లావెండరు వాసన కొవ్వొత్తి, అరచేయంత అద్దం, గట్టి అట్ట వేసిన నోటుపుస్తకం.

ముందు అద్దం తియ్యమంది. కళ్లలోకి చూసుకుని "ఐ లవ్ యూ" చెప్పుకోవాలట.

తాత తన అద్దాన్ని చాలాసేపు చూశాడు. నోరు తెరిచి, దవడ పక్కకి లాగి, వేలితో తడిమి, "ఈ పన్ను ఎప్పుడు ఊడింది చెప్మా" అన్నాడు.

"ఐ లవ్ యూ చెప్పండి తాతగారూ."

"ఎవరికమ్మా?"

"మీకే."

"నాకు నేనే చెప్పుకుంటే వినేదెవరు?"

ఆ అమ్మాయి నవ్వి, మన సంస్కృతిలో స్వీయప్రేమ లేదు, అదే మన అసలు జబ్బు అని చెప్పింది. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. తెలుగులో ఆ మాటలు లేక కాదు. స్వార్థం, ఆత్మస్తుతి, సొంత డబ్బా అని బోలెడున్నాయి, కాకపోతే అన్నీ తిట్లే. ఆత్మ అనే మాటతో మొదలై మనం మూడుపూటలా పోషించేవాడు ఒక్కడున్నాడు, ఆత్మారాముడు. కాపురం కడుపులో. మధ్యాహ్నం ఒంటిగంటకి గోల మొదలెడతాడు. అద్దం చూపిస్తే ఊరుకోడు, ధ్యానానికి లొంగడు, సాంబారన్నానికి లొంగుతాడు. ఇక ఆ అమ్మాయి రెండు గంటలు చెప్పబోయే పాఠమంతా, పైసా ఫీజు లేకుండా, మన ముసలమ్మలు ఒక్క ముక్కలో చెప్పి వెళ్లారు: తనకు మాలిన ధర్మం మొదలుచెడ్డ బేరం. ఊరికి బయల్దేరినవాడికి "ఒళ్లు జాగ్రత్త" అని చెప్పని ఇల్లు ఉందా? అదే మాట గొంతు పెంచి అంటే బెదిరింపవుతుంది. చిన్న షావుకారు తండ్రి దగ్గర మేం రెండో రకమే విన్నాం గానీ, కవరు మాత్రం మొదటి రకంది.

రెండో పాఠం సరిహద్దులు. "మీ చుట్టూ ఒక గీత గీసుకోండి. మిమ్మల్ని వాడుకునేవాళ్లని ఆ గీత దాటనివ్వకండి. నో చెప్పడం నేర్చుకోండి." ఆదివారం పనికి రమ్మంటే కూడా చెప్పొచ్చా అని నేనడిగాను. వెనక నిలబడ్డ చిన్న షావుకారు ఫోను చూసుకున్నాడు. "దాన్ని మనం పాజిటివ్‌గా చూడాలి సార్" అందామె.

సరిహద్దుల పాఠం జార్జి టౌన్‌కి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆత్మప్రేమలో ఈ పేటకి మొదటి గురువులు కుంఫిణీ దొరలు. వాళ్లని మించి తమని తాము ప్రేమించుకున్నవాళ్లు ఈ తీరానికి మళ్లీ రాలేదు. ఫ్రెంచివాళ్లతో యుద్ధాలు జరిగిన రోజుల్లో దొరలకి ఒక జ్ఞానోదయం అయింది: కోట గోడ పక్కనే నల్లవాళ్ల ఊరు ఉండటం తమ మనశ్శాంతికి మంచిది కాదు. ఇప్పుడు హైకోర్టు ఉన్నచోట ఉండేది ఆ ఊరు. ఇళ్లు తీసేశారు. చెన్నకేశవుడి గుడి కూడా అక్కడ ఉండేదే, దేవరాజ మొదలి వీధికి చేరింది. జనం ముత్యాలుపేటకీ పెద్దనాయకన్‌పేటకీ సర్దుకున్నారు. ఖాళీ అయిన నేల అంచున, ఇక్కడినుంచి ఇవతల ఎవరూ కట్టకూడదంటూ 1773లో ఆరు రాళ్లు పాతారు. ఒకటి ఇంకా ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర నిలబడి ఉంది. హద్దులు గీసుకోవడం ఎలాగో తెలియాలంటే కోచ్ అక్కర్లేదు, ఆ రాయిని చూసి రావచ్చు.

నీళ్లు బాగా తాగమని కూడా చెప్పింది. దొరలు అదీ పాటించారు. ఏడు బావులు తవ్వింది ఈ పేటలో, 1772 నుంచి ఆ నీళ్లు వెళ్లింది కోటకి. ఊరి చుట్టూ గోడ కట్టి, ఖర్చు మీరే భరించండని పేట జనం మీద పన్ను వెయ్యబోయారు. అది మాత్రం సాగలేదు. వాల్ టాక్స్ రోడ్డు అని పేరు మిగిలింది. ఈ ఊళ్లో జనం గట్టిగా నో చెప్పిన జ్ఞాపకం ఒక రోడ్డుకి పేరై, దాని మీద ఇవాళ లారీలు రివర్సు తీసుకుంటున్నాయి.

గాలి పీల్చుకోమనీ చెప్పింది, నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. మా కిటికీ తీస్తే ఎదుటి మేడ కిటికీ తగులుతుంది. ఈ పేట పక్కనే ట్రెవిలియన్ దొర గవర్నరుగా ఉండగా వేయించిన పీపుల్స్ పార్కు ఉండేది, నూరెకరాల పైచిలుకు. దాన్ని మూర్ మార్కెట్టు కొంత, రిప్పన్ బిల్డింగు కొంత, స్టేడియం కొంత తినేశాయి. ఊపిరితిత్తులు అమ్ముకున్నాక ఊపిరి ఎలా తియ్యాలో క్లాసు పెట్టడం చూడండి, అదీ వ్యాపారమంటే.

మూడో పాఠంలో మన శక్తిని పీల్చేసేవాళ్ల పేర్లు రాసి కొట్టెయ్యమంది. ఇవ్వడం తగ్గించండి, ముందు మీ గిన్నె నింపుకోండి అంది. నాకు చటుక్కున తంబుచెట్టి వీధి గుర్తొచ్చింది. అక్కడ పత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గనక ఈ జంపఖానా మీద కూర్చుంటే ఈ అమ్మాయి ఆయన్ని ఫెయిల్ చేసి ఇంటికి పంపించేది.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టి, బొంబాయి వెళ్లి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన మనిషి. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశాడు. పాట బాగుంటే ఆనందం, లేకపోతే అమృతాంజనం, ఎటైనా శ్రోతకి నష్టం లేదు. వ్యాపారం నిలదొక్కుకుంది. దేశంలో తలనొప్పులకేం కొదవ? ఆ డబ్బుతో హాయిగా తన గిన్నె నింపుకుని కూర్చోవచ్చు గదా. కూర్చోలేదు. లోకం తలనొప్పి తగ్గించగా వచ్చిన డబ్బుపెట్టి తనకో తలనొప్పి కొనుక్కున్నాడు, దాని పేరు పత్రిక. 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక. అది చాలదన్నట్టు 1924లో భారతి, ఆపైన ఆంధ్ర గ్రంథమాల. ఉద్యమానికి చందాలు, గ్రంథాలయాలకి చందాలు, చదువుకునే కుర్రాళ్లకి ఫీజులు. అడిగినవాడికల్లా ఇచ్చాడు. తనకు మాలిన ధర్మం మొదలుచెడ్డ బేరమన్న సామెత ఎదురుగా పెట్టుకుని మరీ ఇచ్చాడు. చిత్రమేమిటంటే మొదలు చెడలేదు. ఆయన 1938లో పోయాడు, పత్రికలూ ఎప్పుడో మూతపడ్డాయి, అమృతాంజనం మాత్రం ఇవాళ్టికీ మా పక్క కొట్లో దొరుకుతుంది.

మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరిట ఒక పార్కుంది. పొద్దున్నే అక్కడ ఆత్మప్రేమికులు చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటారు. ఎవరీ నాగేశ్వరరావు అని ఒకాయన్ని అడిగితే "దేవదాసు వేశాడే, ఆయన" అన్నాడు. నేను దిద్దలేదు. పదివేల అడుగులు పూర్తి కావాలి, ఆయన శక్తిని పీల్చేసేవాడిగా నేనెందుకు మిగలడం?

ఆ మాటకొస్తే ఈ పేటకి ఇలాంటి ఫెయిలైనవాళ్ల సంబంధాలే ఎక్కువ. బ్రాడ్‌వేకి ఇప్పుడు ప్రకాశం పేరు. 1928లో సైమన్ కమిషన్ గొడవల్లో తుపాకీకి ఎదురుగా చొక్కా విప్పి నిలబడ్డ మనిషి. పెద్ద రాబడి ఉన్న బారిష్టరు, వృత్తి మానేసి ఆ డబ్బు స్వరాజ్య పత్రికలో పోశాడు. ఆయనకి హద్దులూ లేవు, గిన్నే లేదు.

పన్నెండున్నర అయింది. ఆత్మారాములు పద్నాలుగుమందీ ఒక్కసారే గోల మొదలెట్టారు. ఆ అమ్మాయి సరిగ్గా అప్పుడే ఉపవాసం గురించి ఎత్తుకుంది. రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు పన్నెండు దాకా ఏమీ ముట్టకపోతే ఒంట్లో విషాలన్నీ పోతాయట.

"అది మేం చేస్తానే ఉండాం గదమ్మా" అన్నాడు తాత. ఆయనది నెల్లూరు వైపు. "దానికో పేరుండాదని తెలీదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అన్నాపిళ్లై వీధి ఈ జార్జి టౌన్‌లోదే. పొట్టి శ్రీరాములు 1901లో పుట్టింది ఆ వీధిలోనే. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మైలాపూరులో మొదలుపెట్టి, 58 రోజులు తినకుండా ఉండి, డిసెంబరు 15 రాత్రి పోయాడు. ఎన్ని కిలోలు తగ్గాడని అప్పుడెవరూ అడగలేదు. ఎన్ని జిల్లాలొస్తాయని అడిగారు. పదకొండొచ్చాయి, మద్రాసు రాలేదు. పుట్టిన వీధిని తన రాష్ట్రంలో కలుపుకోలేకపోయినవాడి ఉపవాసానికి ఏ యాప్‌లో ఎన్ని పాయింట్లు పడతాయో ఆ అమ్మాయిని అడుగుదామనుకున్నాను. ఆకలి వేసి అడగలేదు.

చివరికి నోటుపుస్తకం. రోజూ పడుకోబోయే ముందు, ఇవాళ నేను ఎవరెవరికి కృతజ్ఞత చెప్పాలి అని మూడు పేర్లు రాయాలి. ఆనందం దానంతటదే వస్తుంది. చిన్న షావుకారు ముందుకొచ్చి గ్రూపు ఫోటో తీయించాడు. అద్దాలు పైకెత్తి పట్టుకోమన్నారు, ఫ్లాషు అన్నింట్లోనూ తగిలి ఫోటోలో మా మొహాలు పడలేదు.

సోమవారానికి అద్దం ఏమైందో తెలిసింది. తాత దాన్ని మూడు చక్రాల తోపుడు బండి కమ్మీకి పురికొసతో కట్టి, సబ్బు నురగ పూసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు అలాగే ఉంది. కొవ్వొత్తి మనవరాలికి ఇచ్చాడట, కరెంటు పోతే చదువుకోడానికి. ఆ వాసనకి పిల్లకి తలనొప్పి వచ్చిందని అమృతాంజనం రాశారట.

మధ్యాహ్నం లోడు దిగాక, ముంజేతులకీ మెడకీ ఆ పసుప్పచ్చ మందే రుద్దుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు. నోటుపుస్తకం ముందు పెట్టాడు.

"సామీ, దీంట్లో ఏమో రాయమనిందే ఆ పాప. నాకు రాత రాదు. నువ్వు రాయి."

"ఎవరికి కృతజ్ఞత చెప్పాలో రాయాలి తాతా."

"అంటే?"

"నువ్వు ఎవరికి రుణపడ్డావు అని."

"ఓ, బాకీలా." అర్థమైపోయింది. బండి అద్దె ఇన్నూరు, టీ కొట్టుకి నూటముప్ఫై, అల్లుడి దగ్గర తీసుకున్న వెయ్యి. వరసగా చెప్పాడు, నేను వరసగా రాశాను. పేజీ నిండింది.

తాత ఆ పేజీని కాసేపు చూశాడు, చదవడం వచ్చినవాడిలాగే.

"ఇది సరే. అవతలి పక్క తిప్పు. నాకెవరు పడ్డారో అది రాయి ఇప్పుడు."

పేజీ తిప్పాను. పైన తేదీ వేసి, దీపావళి బోనసు, ఒక నెల జీతం అని రాసి, ఎదురుగా చిన్న షావుకారు పూర్తి పేరు ఇంటిపేరుతో సహా రాశాను. కింద నాదీ ఒక లైను చేర్చుకున్నాను.