కూలే ఇంటికి తాళమెందుకండీ?

1997లో లెక్కలు తెలిసిన పెద్దలందరిదీ ఒకటే మాట: మెకింటాష్ పని అయిపోయింది. ఆ ఏడాది యాపిల్ నష్టం దాదాపు 100 కోట్ల డాలర్లు. ఆగస్టులో మైక్రోసాఫ్టే 15 కోట్లు పెట్టుబడి పెట్టి ఊపిరి పోయాల్సొచ్చింది. యాపిల్ మీ చేతిలో ఉంటే ఏంచేస్తారని అక్టోబర్‌లో డెల్ కంప్యూటర్ల అధినేత మైకేల్ డెల్‌ని అడిగితే, మూసేసి వాటాదారుల డబ్బు వాళ్లకిచ్చేస్తానన్నాడు. శవం లేవకముందే పెద్దకర్మకి విస్తళ్లు వేసేశారన్నమాట.

అలాంటి రోజుల్లో పీజీపీ కంపెనీ విండోస్‌తోపాటు మాక్‌కి కూడా ఫైళ్లకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే నవ్వరా మరి? "ఎంతమంది కొంటారు?" అన్నది పెద్దల మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న లేదు. నిజమే, దివాలా అంచున ఉన్న కంపెనీ కంప్యూటర్ కొనుక్కున్నవాడికి ఇంకా దాచుకునే గుట్టేముంటుంది! గుట్టు కూడా మెజారిటీవాళ్లకే ఉండాలి.

ఆ పెద్దల పక్షాన ఒక మాట చెప్పాలి. ఆనాటి మాక్ ఓఎస్‌లో ప్రోగ్రాముల మెమరీకి మధ్య గోడల్లేవు. ఒక ప్రోగ్రాం పక్కదాని వంటింట్లో దూరి పోపులపెట్టె మూత తీసి చూడొచ్చు. గోడల్లేని కొంపలో ఇనప్పెట్టె! అయితే దొంగ లాప్‌టాప్‌నే చంకన పెట్టుకుపోతే ఆ ఇనప్పెట్టే దిక్కు. ఈ సంగతి లెక్కల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తోచలేదు.

తాళం విలువ తెలిసింది సర్కారువాళ్లకే. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో రాసిన పీజీపీ విదేశాలకు పాకితే, ఆయుధాల ఎగుమతి అంటూ అమెరికా ప్రభుత్వం ఆయన వెంటపడి 1996 దాకా దర్యాప్తు నడిపింది. మధ్యలో 1995లో ఎంఐటీ ప్రెస్ అదే కోడ్‌ని పుస్తకంగా అచ్చేసింది. ఫ్లాపీలో దేశం దాటితే తుపాకీ, కాగితం మీద దాటితే సాహిత్యం. తుపాకీ ఏ బ్రాండ్ కంప్యూటర్ మీద పేలుతుందని మాత్రం వాళ్లడగలేదు.

తర్వాత ఎవరి పని అయిపోయింది? 1997 డిసెంబర్‌లో పీజీపీ కంపెనీని నెట్‌వర్క్ అసోసియేట్స్ కొనేసింది. 2002కల్లా బేరం కుదరక ఆ సరుకుని అటకెక్కించింది. మాక్ చావలేదు. 2003లో ఎన్‌క్రిప్షన్‌ని యాపిలే ఫైల్‌వాల్ట్ పేరుతో సొంతంగా మాక్‌లో పెట్టుకుంది. 2016లో ఎఫ్‌బీఐ ఒక ఫోను చేతిలో పట్టుకుని, దీని తాళం తీయడానికి సాయం చేసేలా ఆదేశించండి మహాప్రభో అని కోర్టుకెక్కింది. ఎవరి ఫోనంటారా? విస్తళ్లు వేసిన ఇంటివాళ్లదే.