రికార్డో లెక్కలో బందరు లేదు

డిగ్రీలో అర్థశాస్త్రం గుమ్మం తొక్కిన ప్రతివాడికీ ఇంగ్లండు బట్ట, పోర్చుగల్ వైన్ తెలుసు. 1817లో డేవిడ్ రికార్డో వేసిన లెక్క అది. ఇంత బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదిపాటు 100 మంది కావాలి, పోర్చుగల్‌లో 90 మంది చాలు. ఇంత వైన్ తీయడానికి ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80. రెండు పనుల్లోనూ పోర్చుగీసువాడే మొనగాడు. అయినా సరే, అతగాడు మగ్గం అటకెక్కించి ద్రాక్షతోటకు పోవాలి. ఇంగ్లీషువాడు బట్ట నేయాలి. ఇద్దరూ మార్చుకోవాలి. పోర్చుగల్‌కు 10 మంది శ్రమ, ఇంగ్లండుకు 20 మంది శ్రమ ఆదా. దీని పేరు తులనాత్మక వ్యయ సిద్ధాంతం. వ్యాసరూప ప్రశ్నగా తప్పకుండా వస్తుంది, బట్టీ పట్టండి.

లెక్కలో తప్పేమీ లేదు. 390 మంది చేసే పని 360 మందితో తేలిపోతుంది, కూడి చూసుకోవచ్చు. ఒక పనికి దిగామంటే ఇంకో పని వదులుకున్నట్టే. ఆ వదులుకున్నదే అసలు ఖరీదు, అదే అవకాశ వ్యయం. ఎవరికి ఆ ఖరీదు తక్కువో వాళ్లే ఆ పని చేయాలి. బంగారం లాంటి మాట. వచ్చిన అనుమానమల్లా ఒక్కటే: ఇంత మంచి బుద్ధి ఇంగ్లండుకు 1817 దాకా ఎందుకు పుట్టలేదు?

దానికి జవాబు బందరులో ఉంది.

1611లో ఈస్టిండియా కంపెనీ ఆ బందరులోనే, అంటే మచిలీపట్నంలో, కోఠీ పెట్టింది మన మర్యాదలకు మురిసి కాదు, మన అద్దకం కోసం. బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసి, పటిక అద్ది, చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు అద్దితే నలుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు దిగదు. నూలు మీద అలా రంగు నిలబెట్టడం అప్పటికి యూరప్ రంగరేజులకు చేతకాదు. లండన్ దొరసానులు ఎగబడి కొన్నారు.

ఇప్పుడు పాఠం ప్రకారం ఇంగ్లండు ఏం చేయాలి? ‘అద్దకం వాళ్లకొచ్చు, ఉన్ని మనకొచ్చు, మార్చుకుందాం’ అనాలి. ఏం చేసింది? 1700లో చట్టం చేసి ఇండియా, పర్షియా, చైనాల అద్దకం బట్టలు దేశంలో వాడొద్దంది. తెల్లబట్ట మాత్రం రానిచ్చి, దాని మీద అద్దడం తానే నేర్చుకుంది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది అద్దకం బట్టలు చింపారు, సిరా చల్లారు. పార్లమెంటు ఆ రౌడీయిజానికి శిక్ష వేయాల్సింది పోయి 1721లో ఇంకో చట్టం వేసింది: అద్దకం నూలుబట్ట కట్టుకుంటే 5 పౌన్ల జరిమానా, అమ్మితే 20 పౌన్లు. మన పెడన, బందరు కళాకారుల నైపుణ్యానికి అంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఇంకెవరిస్తారు!

ఆ చట్టాన్ని 1774లో సడలించారు, అదీ ఇంగ్లండులోనే తయారైన నూలుబట్టకు. అప్పటికి అక్కడ నూలు వడికే యంత్రాలు తిరగడం మొదలైంది. మన బట్ట మీద సుంకం మాత్రం తగ్గలేదు. 1813 నాటికి అది 70, 80 శాతం దాకా ఉండేదని ఇంగ్లీషు చరిత్రకారుడు హెచ్.హెచ్.విల్సనే రాసిపెట్టాడు. నూరేళ్లకు పైగా తలుపులు బిగించి, లోపల మిల్లులు మొలిపించాక, 1817లో లోకానికి పాఠం మొదలైంది: నాయనలారా, ఎవరికి ఏది చవకగా చేతనవుతుందో అదే చేయండి! అప్పటికి ఇంగ్లండుకు చవకగా చేతనవుతున్నది, ఏమాశ్చర్యం, సరిగ్గా బట్టే. ఈ ప్రయోజనాన్ని దేవుడిచ్చాడా, నేల ఇచ్చిందా? పార్లమెంటు ఇచ్చింది.

రికార్డోను తిట్టి లాభం లేదు. ఆయన మగ్గం గుంటలో కాలు పెట్టినవాడు కాదు, ద్రాక్ష తొక్కినవాడూ కాదు. లండన్ షేర్ బజారులో గడించి ఎస్టేటు కొనుక్కున్న పెద్దమనిషి. స్వదేశంలో భూస్వాముల లాభం కోసం విదేశీ ధాన్యాన్ని అడ్డుకుంటూ తెచ్చిన ధాన్యపు చట్టాలనూ దులిపేశాడు. ఆయన మాట విని ఆ చట్టాలు ఎత్తేయడానికి ఇంగ్లండుకు 1846 దాకా తీరలేదు. తన సూత్రం తనకే చేదు. మనకు మాత్రం వెంటనే గొంతులో పోశారు. అంతటితో ఆగారా? ఇండియాలో మిల్లులు లేచి ఇంగ్లండులోని మిల్లుల సీమ లాంకషైర్‌కు చెమటలు పడితే, 1896లో మన మిల్లు బట్ట మీద మన దేశంలోనే మూడున్నర శాతం ఎక్సైజు వేశారు. అది పోవడానికి 1926 రావాల్సి వచ్చింది.

పాత కథ ఎందుకంటారా? కొత్తది వినండి. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్షట. భీమవరం చెరువులో ఏరేటరు తిప్పే జనరేటరులో డీజిల్ పోస్తారు, నిజమే. అది ఏ దేశపు చమురో రొయ్యను అడిగితే పాపం మీసాలు ఊపింది తప్ప జవాబు చెప్పలేదు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచమంతటా పాఠాలు చెప్పిన దేశం ఆ అమెరికా!

పుస్తకంలో నేతగాడు సోమవారం మగ్గం దిగి మంగళవారం ద్రాక్షతోటలో తేలతాడు. వనామీ రొయ్యల రైతుకు అలా కుదరదు. పట్టుబడికి వచ్చిన రొయ్యను చెరువులో ఉంచితే రోజూ మేత, రోజూ కరెంటు, తెల్లమచ్చ తెగులు వస్తుందేమోనన్న భయం. కొనేవాడు కిలోకు ఎన్ని రొయ్యలో చూసి, ఆ కౌంటుకు ఎంత చెబితే అంతకు ఇచ్చేయాలి. పోనీ వరికి తిరుగుదామంటే చేను చెరువైంది, నేల ఉప్పుదేలింది. పక్క చేను రైతు ఏ ఒప్పందమూ చేసుకోలేదు, అతనికీ ఉప్పే మిగిలింది. ఈ వ్యయం ఏ పటంలో గీస్తారు?

మన ఢిల్లీ పెద్దలేమైనా తక్కువ తిన్నారా? 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని 27.5 శాతానికి పెంచారు, రైతు బాగుండాలని. 2025 మే చివర్లో 16.5కు దించారు, వంటింట్లో నూనె చవకవ్వాలని. అశ్వారావుపేట రైతు ఆయిల్‌పామ్ నాటితే మొదటి గెల కోయడానికే నాలుగేళ్లు పడుతుంది. సర్కారు మనసు మారడానికి తొమ్మిది నెలలు కూడా పట్టలేదు. ఆ నేలలో వేరే పంట వదులుకున్నది రైతు, ఫైలు మీద సంతకం చేసింది ఇంకొకరు.

తులనాత్మక వ్యయం బలమున్న దేశానికి ఐచ్ఛిక పాఠం, బలం లేని దేశానికి నిర్బంధ పాఠం. బలం లేని దేశంలోని రైతుకు, నేతగాడికి మాత్రం అది పాఠం కాదు, పరీక్ష. కాబట్టి విద్యార్థులారా, పరీక్షలో రికార్డోను అక్షరం పొల్లుపోకుండా రాయండి, లెక్క నిజమే గనుక. బయటికొచ్చాక ఎవరైనా ఒప్పందం కాగితం చేత్తో పట్టుకుని ‘ఇద్దరికీ లాభం’ అంటే మాత్రం మూడు ప్రశ్నలు వేయండి: ఈ ప్రయోజనం ఎవరు తయారుచేశారు? వదులుకునేది ఎవరు? రేపు సుంకం మారిస్తే నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు? జవాబు చెప్పకుండా సంతకం అడిగేవాణ్ణి నమ్మకండి.