బోర్లించి చూచు బావగారు

లోకమునందు ముఖము చూచి మంచిచెడ్డలు నిర్ణయించువారు కొందఱు, అరచేయి చూచి ఆయుర్దాయము చెప్పువారు కొందఱు కలరు. మా పెద్దబావగారు మాత్రము ఆసనభాగము చూచి గాని దేనికిని విలువ కట్టరు. ఇది పింగాణీ విషయమున మాత్రమే యని ముందుగనే మనవి చేయుచున్నాను. వారు హాంకాంగులో ఒక బ్యాంకునందు ఉద్యోగము చేసినంత కాలము, తోడి ఉద్యోగులు సాయంకాలములందు గుఱ్ఱపుపందెములకు పోవుచుండగా, తాము హాలీవుడ్ రోడ్డునందలి పురావస్తువుల అంగళ్ళ వెంబడి తిరిగి, చీనాదేశపు ప్రాచీన పాత్రకును, దానిని చూచి తరువాతివారు చేసిన నకలునకును గల భేదమును కనిపెట్టు విద్యయందు, వారి మాటలలోనే చెప్పవలెనన్న, ‘కొంచెం చెయ్యి తిరిగినవారు’ అయిరి.

ఇట్టివారు ప్రతివంశమునందును ఒకరుందురు. కూర నోటబెట్టకముందే అది ఏ ఊరి వంకాయయో చెప్పు మామగారును, కచేరీలో గాయకుడు గొంతు సవరించుకొనుచుండగనే రాగము పేరు చెప్పి ప్రక్కవాని మోకాలు చఱచు పినతండ్రిగారును వీరికి సగోత్రులు. అయినను వారివలన మనకు భోజనభంగము లేదు. బావగారిని విందునకు పిలిచిన గృహస్థు మాత్రము పళ్ళెము వట్టిదిగా నున్నపుడే వారిముందు పెట్టిన బ్రతికిపోవును. వడ్డించి పెట్టెనా, వారు పాయసపు గిన్నెను రెండుచేతులతో తలపై కెత్తి, క్రిందనుండి తొంగిచూచి, ‘ఊఁ’ అని దించుదురు. ఆ ‘ఊఁ’ యందు ఆ యింటి మూడుతరముల పరువు వెలకట్టబడి యుండును. మా అక్కయ్య ఇట్టి విందులకు పోవునపుడెల్ల చేసంచిలో ఒక పొడి తువాలు ఉంచుకొనును.

పరీక్షావిధానము శాస్త్రోక్తము. మొదట గోటితో మీటి నాదము విందురు. పిమ్మట పాత్ర నిలుచు వలయమును, మెఱుగుపూత అంటని ఆ మట్టిమేనిని, బొటనవ్రేలితో నిమిరి, దాని అంచు కాంగ్‌షీ చక్రవర్తి కాలమునాటి మంచి పనితనమువలె నున్నగా గుండ్రబడినదా, లేక కత్తితో కోసినట్లున్నదా యని కనులు మూసికొని విచారింతురు. అటుపిమ్మట కంసాలులు వాడు భూతద్దమును చొక్కాజేబునుండి తీసి, పూతలోపలి బుడగల నెన్నుదురు. కట్టకడపటిది ఘ్రాణపరీక్ష. క్రొత్తపాత్రకు ముదిమి తెప్పించుటకై దొంగలు దానిని ఆమ్లముతో తుడిచి మెఱుపు చంపుదురట, తేయాకునీట నాననిత్తురట, బురదలో పాతిపెట్టుదురట. కావున బావగారు ముక్కుపుటము లెగురవేసి వాసన చూచి, ‘టీ డికాషన్’ అని తేల్చివైతురు. ఆ యింటివారు నిజముగా దానిలో టీ త్రాగుచుండుటచేత ఆ వాసన కలిగినదని చెప్పుటకు ఇంతవఱకు ఎవ్వరికిని ధైర్యము చాలలేదు.

పాత్ర అడుగున చక్రవర్తి పేరుతో ఆఱక్షరముల ముద్ర యున్నచో నావంటివాడు సంతోషించును. బావగారికి అనుమానము అచ్చటనే ఆరంభమగును. వారు చెప్పిన చరిత్ర నిజముగనే చిత్రమైనది. చెంగ్‌హువా చక్రవర్తి 1464 మొదలు 1487 వఱకు రాజ్యమేలెను. ఆయన గతించిన రెండువందల యేండ్లకు, కాంగ్‌షీ కాలమున, చీనాదేశపు పింగాణీపట్టణమగు జింగ్‌డెజెన్ కుమ్మరులు తమ పాత్రల అడుగున ఆ చెంగ్‌హువా పేరే వ్రాయుచుండిరి. మోసమునకు కొంత, పూర్వులయెడ భక్తికి కొంత. దీనికితోడు 1677లో అచ్చటి అధికారి యొకడు, పాత్ర పగిలి పెంటపై పడినచో ప్రభువు పేరునకు అపచారమగునని, ఏలుచున్న చక్రవర్తి పేరు వ్రాయుటనే నిషేధించెను. అందుచేత ఆనాటి పాత్రలు కొన్నిటి అడుగున వట్టి జంటవలయములు మాత్రమే యుండి, మధ్య ఏమియు నుండదు. బావగారు ఏమియు లేని ఆ శూన్యమును చూచినపుడు పొందు ఆనందము, నేను వారి ముఖమున మనుమరాలు పుట్టిననాడు సైతము చూడలేదు.

ఇంక నకలునకు చక్రవర్తుల ప్రోత్సాహమే యుండెనన్నచో నకలనగా నేరమా, ఘనతయా? పదునెనిమిదవ శతాబ్దమున తాంగ్‌యింగ్ అను అధికారి రాజపుకొలుముల కధ్యక్షుడై ప్రాచీనుల వన్నెలనెన్నింటినో మరల పుట్టించెను. షువాండె చక్రవర్తి కాలపు పాత్రలలో, ఇనుము పాలెక్కువగల పరదేశపు నీలము కొలిమివేడికి అక్కడక్కడ ముద్దకట్టి నల్లని చుక్కలు తేలెను. మూడువందల యేండ్ల తరువాత వచ్చిన అనుకర్తల నీలమునకు ఆ గుణము లేకపోవుటచేత వారు కుంచెతో ఒక్కొక్క చుక్కయే ఓపికగా పెట్టిరి. దైవవశమున పడిన మచ్చను మనిషి శ్రద్ధతో పెట్టుట! నాకు ఈ రెండవవాడే ఎక్కువ ఇష్టుడు. ఈ మాట బావగారితో అనగా, “నీకు పెట్టుడు చుక్కలంటే మొదటినుంచీ మోజేరా” అనిరి. అట్లని ఆ కాలపు నకలును వారు నిరసింపరు, చేతులు జోడించుదురు. అబద్ధమైనను వయసు వచ్చినచో వారికి పూజ్యమే. క్రిందటి యేటి అబద్ధమన్ననే మంట.

నేను సింగపూరునుండి ప్రీతితో తెచ్చి యిచ్చిన పూలకూజాకు పట్టిన గతి యిదియే.

“ఇది మొన్నటిదిరా” అనిరి.

“ఎంత మొన్నటిది బావగారూ?”

“నువ్వు కొన్న మొన్నటికి ముందు మొన్నటిది.”

ఆ కూజా నేటికిని వారి గదిలో ‘దొంగల అర’ యని పేరుపొందిన అలమరయందు, ఇతర నేరస్థుల నడుమ మొదటివరుసలో నున్నది. వారమున కొకసారి దానిని తామే మెత్తనిగుడ్డతో తుడుతురని, మఱి యెవ్వరిని ముట్టనీయరని అక్కయ్య నాకు రహస్యముగ చెప్పినది.

హైదరాబాదునకు వచ్చినపుడు సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోకుండ మరలరు. అచ్చట చీనాపాత్రలు అద్దపుటరలలో నుండుటచేత బోర్లించు వీలులేదు. అందుచేత బావగారు పంచె సవరించుకొని నేలపై మోకరిల్లి, మెడ పూర్తిగా వంచి, అద్దముగుండ అడుగు చూడ యత్నించుచుండగా, కావలివాడు పరుగున వచ్చి, “ఏమైనా పడిపోయిందా తాతగారూ?” అని తానును వంగి వెదకుట మొదలుపెట్టెను. అచ్చటి లేత ఆకుపచ్చని పళ్ళెములలో విషము కలిపిన అన్నము పెట్టినచో అవి పగిలిపోవునని ప్రభువులు నమ్మిన కథను బావగారు ఆ కావలివానికి నేలమీదనే కూర్చుండి చెప్పిరి. వాడు మఱునాడు తన పిల్లలను తీసికొని వచ్చెదనని మాట యిచ్చెను.

2014లో చెంగ్‌హువా నాటి చిన్న కోడిబొమ్మల గిన్నె యొకటి హాంకాంగు వేలములో 28 కోట్లకు పైబడిన హాంకాంగు డాలర్లకు అమ్ముడుపోయినపుడు, కొన్న లియు యిచ్యెన్ అను శ్రీమంతుడు అందులో టీ త్రాగి లోకులచేత మాటలు పడెను. బావగారికిని కోపము వచ్చినది. త్రాగినందుకు కాదు, పత్రికలోని ఛాయాచిత్రమున గిన్నె అడుగు కనబడనందుకు.

వారు నిజముగ క్రుంగినది ఒక్కమాఱే చూచితిని. మట్టి ఎప్పుడు కాలినదో లెక్కగట్టు పరీక్ష యొకటి నేడు కలదు; అడుగునుండి చిటికెడు పొడి తొలిచి దానితో చేయుదురు. దొంగలు దీనిని తెలిసికొని, విఱిగిన ప్రాచీనపాత్ర అడుగును తెచ్చి క్రొత్తపాత్రకు అతుకుట నేర్చిరట. అడుగుకూడ అబద్ధమాడునని తెలిసిన ఆ రాత్రి బావగారు భోజనము చేయలేదు.

ఆ తరువాత ఒకమాఱు మేనకోడలికి సంబంధము చూడ విజయవాడ పోయితిమి. పెండ్లికుమారుని ముత్తాతగారు రంగూనులో వర్తకము చేసినవారగుటచేత, ఫలహారము పెట్టిన పెద్దపళ్ళెము ఆనాటిదే. అక్కయ్య కనుసైగలతో వారించుచునే యుండెను. బావగారు బూందీని రుమాలులోనికి వంచి, పళ్ళెమును బోర్లించిరి. అడుగున చీనాచక్రవర్తి పేరు. దానిచుట్టు మెఱుగుపై మూడు నాలుగు చిన్న ముల్లుగుర్తులు. కొలిమిలో పళ్ళెము నడుమ క్రుంగకుండ మట్టిమొనలపై నిలుపుట జపానులోని అరిత కుమ్మరుల వాడుక. మింగు రాజ్యము కూలి చీనా ఎగుమతులు చెదరిననాడు డచ్చివారికి పాత్రలు చేసి పెట్టినవారు వీరే, చీనాముద్రలు ధారాళముగ వేసికొన్నవారును వీరే. బావగారు తన్మయులై, “జపాను!” అని కేకవేసిరి.

“అవునండీ, మీకెలా తెలిసింది? వచ్చే నెలలోనే పంపిస్తామంటున్నారు కంపెనీవారు” అని పెండ్లికుమారుని తండ్రి విస్మయముతో లేచి నిలుచుండెను. అంతటి ముందుచూపుగల వియ్యంకుడు మఱి దొరకడని ఆ పూటనే తాంబూలములు పుచ్చుకొనిరి.

అల్లునికి పని దొరకినది అరిత యున్న క్యూషూ ద్వీపముననే. కూతురి కాపురము చూచి వత్తునని పోయిన బావగారినుండి నిన్న నాకు ఉత్తరము వచ్చినది. నాలుగు పుటలు. అరిత మ్యూజియమున తాము చూచిన పళ్ళెముల అడుగులు, ముల్లుగుర్తుల పటములు, అన్నియు నందున్నవి. పిల్లయు అల్లుడును కులాసాయే నట. ఆ మాట మాత్రము వారు కాగితము వెనుకప్రక్క, అడుగున వ్రాసిరి.