ఫిరంగి ఆఖరున కొనండి

చిన్న రాజ్యం చేతికొచ్చిన వాడు ముందుగా ఫిరంగుల బేరం పెడతాడు. మీరు ఆ పని చేయకండి. మొదటి అయిదేళ్లు తుపాకీ కాదు గదా, తుపాకీ మందు కూడా కొనకండి. లెక్క తప్పకుండా రాసే మనిషిని, పైసా మింగని మనిషిని వెతికి పట్టుకోండి. అతణ్ణే సేనాపతిని చేయండి. గుర్రమెక్కడం రాకపోయినా, కత్తి ఏ చేత్తో పట్టుకోవాలో తెలియకపోయినా నష్టం లేదు. నెల మొదటి తారీఖున ప్రతి సిపాయి చేతిలో జీతం పడేట్టు చూడగలిగితే చాలు. సైనిక శాస్త్రం చదివినవాళ్లు ఈ మాట విని తల అడ్డంగా ఊపుతారు. ఊపనివ్వండి. కర్నూలు కోట గోడల మధ్య ఏం జరిగిందో వాళ్లు చదివి ఉండరు.

కర్నూలుకు వచ్చేవాళ్లందరూ కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటో దిగుతారు. అదే కోటలో ఒక చిన్న రాజ్యం తన సైన్యాన్ని రహస్యంగా ఆధునికం చేసుకోబోయి ఎలా నాశనమైందో అడిగేవాళ్లు అరుదు. నవాబు గులాం రసూల్ ఖాన్‌ది పెద్ద రాజ్యమేమీ కాదు. ఏటా లక్ష రూపాయల పేష్కషు ఈస్టిండియా కంపెనీకి కట్టి బతికే సంస్థానం. 1839లో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా మీద కుట్ర విచారణ జరిగినప్పుడు కర్నూలు పేరు బయటికొచ్చింది. మద్రాసు ప్రభుత్వం విచారణకు కమిషనర్లను పంపింది, వాళ్లకు తోడు కర్నల్ డైస్ కింద సైన్యాన్నీ పంపింది. కోట పోరు లేకుండానే చిక్కింది. లోపల వెతికితే ఆడవాళ్లు తిరగాల్సిన జనానా తోటల్లో కొలుములు, పోత అచ్చులు, సగం తయారైన ఫిరంగులు, మహలు చుట్టూ ఉన్న పాకల్లో గుండ్లు, మందుగుండు కనిపించాయి. ఫిరంగులే వందల్లో ఉన్నాయి. ఇంత చిన్న సంస్థానంలో ఇన్నేమిటని లెక్కపెట్టిన తెల్లవాళ్లే నోరెళ్లబెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. ఆ ఫిరంగుల్లో ఒక్కటీ నవాబు కోసం పేలలేదు. ఆయన అప్పటికే కోట విడిచి ఊరవతల జోరాపూర్‌లో, ఇప్పుడు మనం జోహరాపురం అనే చోట, తన అరబ్బు, రోహిల్లా సిపాయిల మధ్య ఉన్నాడు. ఉన్నాడు అనడం కన్నా చిక్కుకున్నాడు అనాలి. ఆ సిపాయిలకు జీతాలు బాకీ. బాకీ తీరేదాకా దొరను కదలనివ్వమని వాళ్లు పట్టుబట్టారు. కంపెనీ వాళ్లు లొంగిపొమ్మంటే లొంగిపోయే స్వేచ్ఛ కూడా ఆయనకు లేకపోయింది. 1839 అక్టోబరు 18న పోరు జరిగింది. రెండు వైపులా మనుషులు చచ్చారు, నవాబు పట్టుబడ్డాడు. తిరుచినాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ పాలనలోకి పోయింది.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. జనానా తోటలో కరిగిన కంచులో అరబ్బుల జీతాలు, రోహిల్లాల బత్యాలు కూడా కరిగాయి. 1838లో నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి: నవాబు గారూ, ఆ ఫిరంగుల్లో సగం పగలగొట్టి కంచు అమ్మేయండి, వచ్చిన సొమ్ము మొత్తం బాకీలకు పంచండి, ఇంకా తక్కువైతే కోట తలుపుల ఇనుము కూడా తూకానికి వేయండి. జీతం ఇవ్వలేని సిపాయిని యుద్ధానికి ముందు రోజైనా సరే, చేతిలో ఎంతో కొంత పెట్టి ఇంటికి పంపండి. జీతం బాకీపడ్డ రెండు వేలమంది కంటే, జీతం ముట్టిన రెండు వందలమంది మేలు. రెండు వందలతో ఓడిపోతారంటారా? ఓడిపోండి. సొంత సిపాయిల చేతిలో బందీ అయి ఓడిపోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

మిగిలిన సగం ఫిరంగుల్ని దాచకండి. ఈ సలహా మరీ పిచ్చిగా కనిపిస్తుందని తెలుసు, అయినా దీన్నే గట్టిగా చెబుతున్నాను. పోత కొలిమిని ఊరి నడిబొడ్డున పెట్టండి. పొరుగు రాజ్యం దూతను మీరే భోజనానికి పిలిచి, మందుగుండు కొట్టు తాళంచెవి ఆయన చేతికిచ్చి లెక్కపెట్టుకోమనండి. మీ దగ్గర తక్కువుంటే తక్కువని తెలియనివ్వండి. దాచిన ఆయుధం దొరికేదాకా ఎవర్నీ భయపెట్టదు, దొరికాక మీ మెడకే చుట్టుకుంటుంది. కర్నూలులో కంపెనీకి నవాబు ఫిరంగుల కన్నా ఆ దాపరికమే ఎక్కువ అక్కరకొచ్చింది. బయటపెట్టి ఉంటే ముందే లాక్కునేవాళ్లు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. లాక్కునేవాళ్లేమో. కానీ పేష్కషు కట్టే సామంతుడు పట్టపగలు పోసుకున్న ఫిరంగుల్ని లాక్కోవడానికి ఒక కారణం చెప్పాలి, ఉత్తరాలు నడపాలి, లండను దాకా జవాబివ్వాలి. తోటలో దాచినవాటిని బయటికి లాగడానికి ఏ కారణమూ అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 13న అదే కర్నూలు దగ్గరున్న ప్రయోగ క్షేత్రంలో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్లను కూల్చి, ఆ రోజే లోకానికంతా ప్రకటించింది. వీడియో కూడా చూపించింది. నవాబు చేయాల్సింది అదే.

పరదేశి నిపుణుణ్ణి పెట్టుకోకండి. దీనికి సాక్ష్యం కడప జిల్లాలోనే ఉంది, పెన్నా లోయ అంచున గండికోటలో. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో అక్కడ ఏలుతున్న పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఆ కోట లాక్కున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే అక్కడికి వెళ్లి చూసింది రాసిపెట్టాడు. మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించి, బూర్జ్ పట్టణం నుంచి వచ్చిన క్లోద్ మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. 48 పౌన్ల గుండు పట్టేవి పది, 24 పౌన్లవి పది, మొత్తం 20 ఫిరంగులు పోసివ్వాలని పని. విగ్రహాలు కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజార్లు మంత్రం వేశారని వాళ్లమీద బెదిరింపులు సాగాయి. చివరికి ఒక ఫిరంగి పగిలింది, ఇంకోటి అసంపూర్తిగా మిగిలింది, పనికొచ్చేది ఒక్కటీ తయారు కాలేదు. మాయే పని వదిలేసి పోయాడు.

ఇందులో నాకు బాధ కలిగించేది డబ్బు నష్టం కాదు. ఊళ్లోవాళ్లు తరతరాలుగా మొక్కిన దేవుణ్ణి కరిగించి పోసిన ఫిరంగి, పని చేసినా ఆ ఊళ్లోవాళ్లకు కాపలా ఎట్లా అవుతుంది? కోట కింద బతికే జనాన్ని ముందు శత్రువుల్ని చేసుకుని, తర్వాత శత్రువు మీదికి గురిపెట్టడం ఏ ఆధునికత? మాయేకి ఇచ్చిన డబ్బు మన కంచర్లకు, కమ్మర్లకు ఇవ్వండి. వాళ్లకు ఫిరంగి పోత రాదు. తెలుసు. పగలగొట్టనివ్వండి. ఇరవై ఏళ్లు పాడుచేయనివ్వండి. ఇరవై ఒకటో ఏట పోసిన ఫిరంగి బాగు చేసేవాడు ఆ ఊళ్లోనే ఉంటాడు, రాత్రికి రాత్రి బూర్జ్ పట్టణానికి పారిపోడు. కృష్ణదేవరాయలు 1520లో రాయచూరు ముట్టడికి పోర్చుగీసు తుపాకీవాళ్లను వాడుకోలేదా అంటారు. వాడుకున్నాడు, ఆ ముట్టడి వరకే. వాళ్ల చేతిలో తన కొలిమి పెట్టలేదు.

అయితే అదే మీర్ జుమ్లా దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. తావెర్నియే గుడారంలోకి వెళ్లేసరికి ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు జోళ్లు లేవు. కాలి వేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కాగితాలు. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో ఉత్తరం లాగి, గుమాస్తాలకు జవాబు చెబుతున్నాడు, కొన్ని తానే రాస్తున్నాడు. నా దృష్టిలో ఆ మనిషి బలం ఆ కాగితాల్లో ఉంది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ ఠాణాలో ఎంత గింజ ఉందో, ఎవడు ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో ఆయనకు కాలి వేళ్ల దాకా తెలుసు. మీరు సేనాపతిని ఎంచుకునేటప్పుడు ఆ గుడారాన్ని తలచుకోండి. జమాఖర్చు చదివించి చూడండి, గుర్రం తోలించి చూడకండి.

అద్దె సైన్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రాయలసీమ మొత్తం దాని రసీదే. ఖర్దా యుద్ధంలో 1795లో మరాఠాల చేతిలో దెబ్బతిన్న నిజాం, ఫ్రెంచివాడు రేమండ్ దళాన్ని పెంచాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆ దళం ఆయుధాలు లాక్కోవడం ఎంత సులువైందంటే, జీతబాకీల మీద సిపాయిలు తమ దొరలపైనే తిరగబడి పని సగం చేసిపెట్టారు. మళ్లీ అదే బాకీ! ఆ దళం స్థానంలో నిజాం కంపెనీ పటాలాలను అద్దెకు పెట్టుకున్నాడు. ఆ పటాలాల ఖర్చు కింద 1800 అక్టోబరులో కడప, కర్నూలు పేష్కషు, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు రాసిచ్చేశాడు. ఉచితంగా ఇస్తామన్నా పరాయి పటాలం వద్దు. దొంగలు పడినా, ఊళ్లు తగలబడినా, మీ చేతిలో ఉన్న పాతిక మందితోనే ఎదుర్కోండి.

ఆ పాతిక మంది ఎవరంటే, పాతవాళ్లే. కొత్త పటాలం పెట్టేవాడు ముందు పాతవాళ్లను తీసేస్తాడు. మీరు తీయకండి. సీమ పల్లెల్లో కట్టుబడులుండేవాళ్లు. మాన్యం భూమి దున్నుకుంటూ, పిలిస్తే ఈటె, కత్తి పట్టుకుని వచ్చే కాపలా జనం. కవాతు రాదు, సైనిక దుస్తులు లేవు. నెల జీతం వాళ్లకు అక్కర్లేదు, పొలమే జీతం. కంపెనీ కలెక్టరు థామస్ మన్రో 1800 తర్వాత పాలెగాళ్లను అణచి ఈ సాయుధ జనాన్ని తగ్గించే పని మొదలుపెట్టాడు. తర్వాతి సర్కారు ఆ మాన్యాల్ని వెనక్కి తీసుకుంటూ పోయింది. పర్యవసానం 1846లో తెలిసింది. పింఛను దగ్గర అవమానపడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పిలిస్తే, పొలాలు పోయిన కట్టుబడులు ఈటెలతో సహా కదిలారు. జులైలో కోవెలకుంట్ల ఖజానా కొట్టారు. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరితీసి, తలను కోటలో వేలాడదీసి, 1877 దాకా దించలేదు. ఒక తల మీద ముప్పై ఏళ్ల పగ! ఎకరాల లెక్కలో వాళ్లు మిగుల్చుకున్నదెంత, పోగొట్టుకున్నదెంత?

మీ రాజ్యంలో కట్టుబడి లాంటి వాడుంటే వాడి పొలం గట్టు కూడా ముట్టుకోకండి. స్విట్జర్లాండులో పౌర సైనికుడు ఇవాళ్టికీ రైఫిలు ఇంట్లో పెట్టుకోవచ్చు. పెద్ద దేశాలకు అది చాదస్తంగా కనిపిస్తుంది. చిన్న దేశానికి అదే బలగం. వాడికి కొత్త తుపాకీ ఇవ్వకపోయినా పర్వాలేదు, చేను మీద హక్కు రాసిన కాగితం మీద మాత్రం ముద్ర వేసివ్వండి.

ఇక నౌకాదళం. సముద్రం లేదు కదా, దళం ఎందుకు అంటారు. పెట్టండి. సముద్రం లేకపోతే మరీ ముఖ్యంగా పెట్టండి. 1879లో మొదలైన యుద్ధంలో బొలీవియా తన తీరం మొత్తం చిలీకి పోగొట్టుకుంది. అయినా 1963లో నౌకాదళం ఏర్పాటు చేసుకుని, టిటికాకా సరస్సు మీదా, నదుల మీదా నడుపుతోంది. ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటుంది. లోకం నవ్వింది. నాకు మాత్రం ఆ దేశం మీద గౌరవమే కలుగుతుంది. గండికోట కొండమీద కూర్చున్న మీర్ జుమ్లాకు మచిలీపట్నం నుంచి సొంత ఓడలు తిరిగేవి. తర్వాత ఔరంగజేబు కొలువులో బెంగాలు సుబేదారు అయి, 1662లో అస్సాం మీదికి యుద్ధ పడవలు తోలుకుంటూ అహోమ్‌ల రాజధాని గఢ్‌గావ్ దాకా పోయాడు. కొండ కోటలో ఉన్నప్పుడే నీటి వ్యవహారం చూసుకున్న మనిషికి నది కొత్తగా తోచదు.

ఎండు సీమలో నీళ్లేవి అనేవాళ్లు కర్నూలు-కడప (కె.సి.) కాలువ గట్టు మీద నడిచి చూడాలి. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు తవ్విన ఆ కాలువ పొలాల కోసమే కాదు, పడవల కోసం కూడా. ఎత్తుపల్లాల దగ్గర పడవ దిగడానికి లాకులు కట్టారు. కంపెనీ ఖర్చు రాబట్టుకోలేక చేతులెత్తేస్తే 1882లో సర్కారు కొనేసింది. ఆ తర్వాత పడవలు ఆగిపోయాయి. నీటి దారి తవ్విపెట్టి, దాని మీద తిరిగే మనుషుల్ని నిలుపుకోకపోవడం నాకు మింగుడుపడదు. మీ దళానికి యుద్ధనౌక కొనకండి. పది పడవలు, నలభై మంది మనుషులు, వాళ్లలో సగం మంది తుంగభద్రలో పుట్టి పడవలు నడిపినవాళ్లూ, బెస్తవాళ్లూ కావాలి. మొదటి అధికారిగా లాకు తలుపులు ఎత్తడం తెలిసినవాణ్ణి తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తుంగభద్రలో రాళ్లు తేలతాయి, కాలువ అడుగు బీటలిస్తుంది, అప్పుడు ఖజానా గుమాస్తా వచ్చి నీళ్లు లేవు గదా, దళానికి రెండు నెలలు జీతం ఆపుదామంటాడు. ఆ గుమాస్తాను ఆ పూటే మార్చండి. మనుషుల చేత పూడిక తీయించండి, పడవలకు తారు పూయించండి, లాకు తలుపుల తుప్పు గీకించండి. జూన్ మొదటి తారీఖు జీతంతో పాటు మే నెల బత్యం కూడా కలిపి ఇవ్వండి.