వంటాయన ఊళ్ళో లేడు

పెద్ద విద్వాంసుడి కచేరీ అని టికెట్టు కొనుక్కుని వెళ్ళాం అనుకోండి. ఆయన రాలేదు. ఆయన శిష్యుడి శిష్యుడొచ్చి, గురువుగారి నిలువెత్తు ఫొటో పక్కన కూర్చుని, గురువుగారు రాసిచ్చిన కాగితం చూసి పాడాడు. ఏమవుతుంది? కుర్చీలు విరుగుతాయి. టికెట్టు డబ్బులు వెనక్కివ్వమని గేటు దగ్గర గలాటా అవుతుంది. అదే సంగతి భోజనం దగ్గర జరిగితే మాత్రం జనం పళ్ళేలకి ఫొటోలు తీసి, అడిగినంత బిల్లు కట్టి, బంధువులందరికీ ఆర్నెల్లపాటు ఆ కథే చెబుతారు. మహానగరాల్లో పేరుమోసిన షెఫ్ హోటళ్ళకి వెళ్ళడమంటే ఇదే.

ఈ విద్యలో ఆరితేరిన ఊరు లండన్. ఆ ఊరి వంటవాళ్ళలో జగమెరిగినవాడు గోర్డన్ రామ్సే. టీవీలో సాటి వంటవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టి, వంటంటే ప్రపంచానికి భయమూ భక్తీ నేర్పిన మనిషి. గట్టి పనివాడు, సందేహం లేదు. 1998లో చెల్సీ పేటలో రాయల్ హాస్పిటల్ రోడ్డు మీద తన పేరుతోనే హోటలు తెరిచాడు. 2001కల్లా దానికి మిషెలిన్ గైడు హోటళ్ళకిచ్చే నక్షత్రాలు మూడు తెచ్చాడు. ఆ నక్షత్రాలు మూడూ ఈనాటికీ అక్కడే ఉన్నాయి. లేనిదల్లా ఆయనే.

ఎలా ఉంటాడు పాపం? ఒక్క లండన్‌లోనే సవాయ్ గ్రిల్, పెట్రూస్, బ్రెడ్ స్ట్రీట్ కిచెన్, లక్కీ క్యాట్, అవి చాలక బర్గర్ల కొట్లు, పిజ్జా కొట్లు. సముద్రాలు దాటితే దుబాయ్, సింగపూర్, లాస్ వేగస్. వీటి మధ్యలో అమెరికా టీవీ వాళ్ళ షూటింగులు. ఆనాడు నారదుడు ద్వారకకి వెళ్ళి ఏ అంతఃపురం తలుపు తీసినా అందులో కృష్ణుడు కనిపించాడట. లండన్‌లో అదే నారదుడు ఏ వంటింటి తలుపు తీసినా గోడ మీద ఆయన ఫొటో, అట్టమీద ఆయన బొమ్మతో వంటల పుస్తకం కనిపిస్తాయి. భక్తులకి అంతే చాలు.

ఇంతకీ అక్కడ జరిగే పూజా విధానం ఎలా ఉంటుందో చూద్దాం. వేసవిలో కొడుకునీ కోడలినీ చూడ్డానికి లండన్ వచ్చిన తల్లిదండ్రులకి థేమ్స్ నది, బకింగ్‌హామ్ ప్యాలెస్ అయిపోయాక ఇలాంటి హోటల్లో ఒక పూట భోజనం రాసిపెట్టి ఉంటుంది. కొడుకు వారాల ముందే కార్డు నంబరిచ్చి బల్ల దక్కించుకుంటాడు. వెళ్ళకపోతే తినకుండానే డబ్బు పోతుంది. వెళ్తే తిన్నాక పోతుంది. బల్ల ముందు కూర్చోగానే, "మీకు రెండు గంటలు టైముందండీ" అని చిరునవ్వుతో చెబుతారు. మనవైపు ఏ పెళ్ళిలోనైనా పైబంతి వాళ్ళు కుర్చీ వెనకాల నిలబడి తొందరపెడితే మర్యాద తెలియనివాళ్ళంటాం. ఇక్కడ దాన్ని మేనేజ్‌మెంటు అంటారు.

తరవాత పళ్ళేలు వస్తాయి. పళ్ళెం మూరెడు, పదార్థం బెత్తెడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలన్నారు గానీ, వడ్డించేవాడు ఉపన్యాసకుడైతే ఏం చెయ్యాలో చెప్పలేదు. చేప ఏ సముద్రంలో ఈదిందో, దాన్ని పట్టినవాడి పడవ ఏ రేవుదో, దుంప ఏ మట్టిలో పుట్టిందో, ఆకు ఏ కొండవాలులో కోశారో వంశవృక్షమంతా చెబుతాడు. ఆ చేపని ఇవాళ పొయ్యి మీద పెట్టిందెవరో మాత్రం చెప్పడు. చేపకి గోత్రనామాలున్నాయి, వండినవాడికి లేవు.

ఇక పనితనం మాటకొస్తే, దండం పెట్టాల్సిందే. హైడ్ పార్కు పక్కన మాండరిన్ ఓరియంటల్ హోటల్లో మరో మహాపాకశాస్త్రవేత్త హెస్టన్ బ్లూమెంథాల్ 2011లో 'డిన్నర్' అనే భోజనశాల తెరిచాడు. అక్కడి ప్రసిద్ధ వంటకం పేరు 'మీట్ ఫ్రూట్'. పళ్ళెంలో ఒక కమలాపండు ఉంటుంది. పైన పచ్చటి ఆకు, కాడ, తొక్క మీద సన్నటి గుంటలతో సహా అచ్చం చెట్టు మీద నుంచి కోసినట్టే. కత్తి పెడితే లోపల మెత్తటి కోడి కార్జం ముద్ద. తొక్కలా కనిపించింది కమలారసంతో చేసిన జెల్లీ. పక్కన కాల్చిన రొట్టె. మెనూలో వంటకం పేరు పక్కన 'సుమారు 1500' అని రాసి ఉంటుంది. అది ధర కాదు, ఆ వంట పుట్టిన కాలం. శనివారం ఒక్కపొద్దుండే మన అమ్మగారు మెనూ చదవకుండా "పండే కదా" అని చెయ్యి చాపితే ఆ నాటి వ్రతం ఇంగ్లండు రాజుల ఖాతాలోకి వెళ్ళిపోతుంది.

అంత చక్కగా చేసినవాణ్ణి పిలిచి ఒక మంచిమాట చెప్పాలనిపించడం మనవాళ్ళకి సహజం. పెళ్ళి భోజనంలో పులిహోర కుదిరితే గాడిపొయ్యి దాకా నడిచి వెళ్ళి వంటాయన్ని పలకరించే జాతి మనది. ఇలాంటి హోటల్లో నాన్నగారు అడుగుతారు.

"ఆయన్ని ఒక్కసారి పిలుస్తావా బాబూ, చెప్పి వెళ్తాం."

"షెఫ్ ఇవాళ లేరు సార్."

"రేపుంటారా?"

జవాబు రాదు, బిల్లు వస్తుంది. రాయల్ హాస్పిటల్ రోడ్డు స్థాయి హోటల్లో మనిషికి 200 పౌండ్లు దాటుతుంది, అంటే మన రూపాయల్లో ఇరవై వేలకి పైమాటే. ద్రాక్షసారా ముట్టుకుంటే ఆ లెక్క వేరు. దాని కింద సర్వీసు చార్జీ, నూటికి పన్నెండున్నర నుంచి పదిహేను దాకా. 'మీ ఇష్టం' అని పక్కనే రాసి ఉంటుంది. కానీ ఆ ఇష్టాన్ని మన తరఫున వాళ్ళే ముందుగా కూడేసి ఉంచుతారు. ఆ డబ్బు పూర్తిగా పనివాళ్ళకే చేరాలని బ్రిటన్‌లో చట్టం అమల్లోకి వచ్చింది 2024 అక్టోబరులో. అంతటి నాగరిక దేశంలో టిప్పు పనివాడికి చేరడానికీ చట్టం కావలసి వచ్చింది.

భక్తులు ఊరికే ఉండరు. "షెఫ్ అంటే గరిటె తిప్పేవాడా? ఆయన వంటకాన్ని ఊహిస్తాడు, మనుషుల్ని తయారుచేస్తాడు. ఇక ఎవరు వండితేనేం, రుచి ఒకటే కదా" అంటారు. వంటింట్లో మీరు లేనప్పుడు ఎవరు వండుతారని అడిగితే, నేనున్నప్పుడు వండేవాడే అని ఫ్రాన్సు వంటల పెద్దాయన పాల్ బోకూజ్ చమత్కరించాడని చెప్పుకుంటారు. చమత్కారం బాగుంది. నిజం కూడా బాగానే ఉంది. మరైతే ఆ వండేవాడి పేరే బోర్డు మీద రాయొచ్చు కదా? రుచే ముఖ్యమైతే పెద్దాయన పేరుతో పనిలేదు. పేరే ముఖ్యమైతే ఆ పేరున్న మనిషి పొయ్యి దగ్గర ఉండాలి. ఈ వాదన రెంటికీ చెడ్డ రేవడి.

ఆ మరుగున ఉన్న చేతుల సత్తా ఏపాటిదో ఒక ఉదాహరణ చాలు. రామ్సే మూడు నక్షత్రాల వంటింటిని ఏళ్ళ తరబడి నడిపింది క్లేర్ స్మిత్ అనే ఉత్తర ఐర్లాండు రైతుబిడ్డ. ఆవిడ బయటికొచ్చి 2017లో నాటింగ్ హిల్‌లో 'కోర్' అనే సొంత హోటలు పెట్టింది. 2021లో దానికీ మూడు నక్షత్రాలొచ్చాయి. అక్కడ పేరుపడ్డ వంటకం ఏమిటనుకున్నారు? ఒక బంగాళాదుంప, దాని మీద చేపగుడ్లు. అంత చెయ్యి తిరిగిన మనిషి వండుతున్నన్నాళ్ళూ తిన్నవాళ్ళలో ఎక్కువమంది ఇంటికెళ్ళి "రామ్సే వంట తిన్నాం" అనే చెప్పుకుని ఉంటారు.

ఈ బాగోతంలో నిజాయితీగా మాట్లాడినవాడు ఒకడున్నాడు. రామ్సేకి వంటింట్లో గురువు, మార్కో పియర్ వైట్. 1995లో ముప్ఫై మూడేళ్ళ వయసులో మూడు నక్షత్రాలు సంపాదించి, 1999లో వాటిని వదిలేశాడు. వారానికి ఆరు రోజులు పొయ్యికి కట్టుబడి ఉండాలి, లేదా పొయ్యి దగ్గర లేకుండానే జనం దగ్గర గొప్ప ధరలు వసూలు చేస్తూ అబద్ధం బతకాలి, రెండూ నావల్ల కాదని తేల్చి చెప్పాడు. ఈ మొత్తం వ్యాపారం గుట్టు ఆ ఒక్క మాటలో ఉంది. శాల్తీ గొప్పదే. తరవాత ఏం చేశాడంటారా? సూపు బిళ్ళల ప్రకటనల్లో కనిపించాడు, ఊరూరా హోటళ్ళలో స్టేక్ హౌసులకి తన పేరు అద్దెకిచ్చాడు. సన్యాసం పుచ్చుకున్నది పొయ్యి దగ్గర నుంచే గానీ పేరు దగ్గర నుంచి కాదు.

పేరు అద్దెకి తిరగడం మొదలయ్యాక వంట కూడా తిరుగుతుంది. రామ్సే టీవీ కార్యక్రమాల్లో ఒకటి ఊళ్ళమ్మట తిరిగి, దివాలా తీస్తున్న హోటళ్ళ ఫ్రిజ్జులు తెరిచి, ఎప్పుడో వండి దాచిన తిండి బయటికి లాగి, యజమానుల పరువు తీసేది. 2009లో లండన్ పత్రికలు రామ్సే సొంత పబ్బుల సంగతి బయటపెట్టాయి. ఒకచోట ముందే వండి, సంచుల్లో మూతికట్టి, వ్యానుల్లో చేరవేసి, అక్కడ వేడిచేసి వడ్డిస్తున్నారని రాశాయి. కంపెనీ కాదనలేదు. అన్నీ తమ ప్రమాణాల ప్రకారమే తయారవుతున్నాయంది. ఎదుటివాడి ఫ్రిజ్జులో ఉంటే చద్ది, మన వ్యానులో ఉంటే ప్రమాణం.

పేరు లాభాల్లో ఉన్నంతకాలం ఒకడిది. నష్టాలొస్తే అందరిదీ. మరో టీవీ వంటవాడు జేమీ ఆలివర్ 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన 'జేమీస్ ఇటాలియన్' బ్రిటనంతా పాకింది. 2019 మేలో దాని గ్రూపు కూలినప్పుడు 25 హోటళ్ళలో 22 ఒక్కసారిగా తలుపులు మూశాయి. సుమారు వెయ్యిమంది ఉద్యోగాలు పోయాయి. జేమీ పేరు 2023లో లండన్‌లో కొత్త హోటలు గుమ్మం మీద మళ్ళీ వెలిసింది. ఆ వెయ్యిమందికి ముందు బోర్డు లేదు, తరవాతా లేదు.

ఇంకా పైమెట్టు ఒకటుంది. షెఫ్ ఊళ్ళోనే కాదు, లోకంలోనే లేకపోయినా వ్యాపారం ఆగదు. కిలో బంగాళాదుంపలకి పావుకిలో వెన్న కలిపి చేసిన ముద్దతో ప్రపంచాన్ని గెలిచిన జోయెల్ రోబుషాన్ 2018 ఆగస్టులో కాలం చేశాడు. ఆయన పేరున్న హోటళ్ళు తరవాతా నడిచాయి. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఆ చమత్కారి బోకూజ్ కూడా అదే ఏడాది జనవరిలో పోయాడు. ఆయన హోటలుకి 1965 నుంచి ఉన్న మూడు నక్షత్రాల్లో ఒకటి 2020లో తీసేశారు. నేనున్నప్పుడు వండేవాడే లేనప్పుడూ వండుతాడన్న సూత్రాన్ని మిషెలిన్ వాళ్ళు పూర్తిగా నమ్మినట్టు లేదు.

లోకంలో ఇంత వెర్రి ఉందనడానికి మరో సాక్ష్యం. రామ్సే లక్కీ క్యాట్ హోటల్లో చెయ్యూపే పిల్లి బొమ్మలు పెడతారు. ఒక్క వారంలో 477 పిల్లుల్ని ఎత్తుకుపోయారని, ఒక్కోటి నాలుగున్నర పౌండ్లని 2025 జనవరిలో ఆయనే టీవీలో వాపోయాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం మన సామెత. విందు నుంచి వస్తూ పిల్లిని జేబులో వేసుకురావడం వాళ్ళ ఆచారం. నాకైతే ఆ దొంగల మీద కోపం రాలేదు. ఆ బల్లల దగ్గర చేతికి దొరికే అసలు సరుకు అదొక్కటే అనుకుని ఉంటారు.

వంటవాడి కీర్తి మనకీ కొత్తది కాదు. మన పురాణాల్లో ఇద్దరే ఇద్దరు సెలబ్రిటీ షెఫ్‌లు, నలుడూ భీముడూ. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ పేరు దాచుకునే కొలువులో వండారు. విరాటుడి వంటశాలలో భీముడు వలలుడు. ఋతుపర్ణుడి కొలువులో నలుడు బాహుకుడు, పైగా కురూపి. అలాంటివాడు వండిన మాంసం తెప్పించుకుని, నోట్లో పెట్టుకోగానే ఇది తన భర్త చేతి వంటేనని దమయంతి పోల్చుకుంది. బోర్డు లేదు, నక్షత్రం లేదు, షెఫ్ కోటు మీద పేరు లేదు. రుచి చూసి మనిషిని గుర్తుపట్టింది. ఇప్పుడు లండన్‌లో పేరు చూసి రుచిని గుర్తుపడుతున్నారు.

మన ఊళ్ళు ఈ జబ్బుకి దూరమని మురిసిపోనక్కర్లేదు. హైదరాబాదు స్టారు హోటళ్ళలో అప్పుడప్పుడూ 'మిషెలిన్ స్టార్ షెఫ్' వారి రెండు రాత్రుల విందు అని ప్రకటన పడుతుంది. 1900లో కార్లవాళ్ళ కోసం గైడు అచ్చువేసిన ఆ మిషెలిన్ టైర్ల కంపెనీ 1926 నుంచి నక్షత్రాలిస్తున్నది హోటలుకి, మనిషికి కాదు. హోటలు గేటు దాటాక షెఫ్ దగ్గర నక్షత్రం ఉండదు, విమానం టికెట్టు ఉంటుంది. అయినా మనం సూటు వేసుకుని వెళ్తాం.

మన ఊరి మెస్సుల గోడల మీద 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అని ఎర్రరంగుతో రాసి ఉండేది. చాలాచోట్ల ఇంకా ఉంది. చదువుకున్నవాళ్ళం దాన్ని చూసి, ఈయనకి వ్యాపారం తెలియదని నవ్వుకున్నాం. ఆయన చెబుతున్నది ఒకటే. ఈ పులుసులో ఉప్పు ఎక్కువైతే తిట్టడానికి నేనిక్కడే ఉన్నాను, రండి. మూడు నక్షత్రాలకి మించిన హామీ అది. ఇప్పుడు విజయవాడ బాబాయి హోటలు పేరూ, కాకినాడ సుబ్బయ్యగారి హోటలు పేరూ హైదరాబాదు వీధుల్లో కనిపిస్తున్నాయి. వ్యాపారం పెరగడం తప్పు కాదు. పేరు ప్రయాణం చేసినంత సులువుగా చెయ్యి ప్రయాణం చెయ్యదన్న సంగతి తినేవాళ్ళం మరిచిపోవడమే తప్పు.

కాబట్టి లండన్ వెళ్ళినవాళ్ళు వెళ్ళండి, మీ డబ్బు, మీ నాలుక. కాకపోతే ఆర్డరిచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఇవాళ పొయ్యి దగ్గర ఉన్నదెవరు? పేరు చెబితే ఆ పేరు గుర్తుపెట్టుకుని, బాగుంటే నలుగురికి చెప్పండి. రేపు సొంత హోటలు పెట్టేది బహుశా ఆ మనిషే. పేరు చెప్పలేకపోతే, ఆ బిల్లులో సగం బోర్డుకి అద్దె అని తెలిసే కట్టండి.