ఇంకొక్క స్టడ్

డెనిమ్ జాకెట్‌కి ఇంట్లోనే స్టడ్లు కొట్టుకోదలచినవారు ముందుగా కొనాల్సింది జాకెట్ కాదు, స్టడ్లు. పిరమిడ్లు, కోన్లు, గుండ్రటివి, నక్షత్రాలు. మూడు రకాలు తీసుకుంటే నాలుగోది అలుగుతుంది కాబట్టి అన్నీ తీసుకోవాలి. చిన్న ప్యాకెట్‌కీ పెద్ద ప్యాకెట్‌కీ ధరలో పెద్ద తేడా లేదని కొట్టతను అంటాడు. నమ్మాలి.

చాక్‌పీసుతో గీత గీయడం, స్కేలు పెట్టడం పిరికివాళ్ల పని. కంటి అంచనాతో భుజం దగ్గర మొదలైన వరస కాలరు చేరేలోగా ఎటో ఒకవైపు ఒరుగుతుంది. దాన్ని డిజైన్ అనాలి.

ఇక ఎక్కడ కొట్టాలన్నది అసలు ప్రశ్న. ఇందులో పెద్దల అనుభవాన్ని అస్సలు లెక్కచేయకూడదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రం, రీనో ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. గుర్రపు దుప్పట్లకు పట్టీలు బిగించే రాగి రివెట్లనే తెచ్చి, కూలివాళ్ల ప్యాంట్లు ఊరికే చిరిగిపోయే జేబు మూలల్లో కొట్టాడు. చిరుగులు ఆగాయి, గిరాకీ పెరిగింది. పేటెంట్ ఖర్చు భరించలేక, తనకు గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌కి ఉత్తరం రాశాడు. 1873 మే 20న పేటెంట్ వచ్చింది. డేవిస్ లెక్క సులువు: లాగుడు పడే చోట రివెట్, పడని చోట ఉత్త గుడ్డ. తర్వాత వెనక జేబుల రివెట్లు కుర్చీలనూ గుర్రపు జీనులనూ గీరేస్తున్నాయని ఫిర్యాదులొస్తే, 1937లో లెవీ స్ట్రాస్ కంపెనీ వాటిని గుడ్డ కింద దాచింది. 1960లలో పూర్తిగా తీసేసి గట్టి దారపు కుట్టుతో సరిపెట్టింది. రివెట్‌తోనే పేరు తెచ్చుకున్నవాళ్లకు ఉన్నవే ఎక్కువనిపించాయి. ఇంట్లో కొట్టేవారికి మాత్రం ఎన్నయినా తక్కువే. సోఫా అత్తగారిదైతే జాకెట్ వీపే శ్రేష్ఠం.

1970లలో లండన్ పంకులు జనం తమను చూసి జంకాలని తోలు జాకెట్ల నిండా స్టడ్లు కొట్టుకున్నారు. మేనత్త కూతురి రిసెప్షన్‌కి వెళ్లేవారు కూడా అదే ధైర్యంతో సాగాలి.

స్టడ్ కాళ్లను గుడ్డలోంచి దించి, వెనకవైపు లోపలికి మడవాలి. పటకారు వెతికే ఓపిక ఎవరికుంటుంది? గోళ్లున్నాయి కదా. సాగే డెనిమ్ అయితే మరీ మంచిది: గుడ్డ సాగుతుంది, స్టడ్ సాగదు, రంధ్రం మాత్రం పెరుగుతుంది.

ఏ లోహమని అడగడం చాదస్తం. నికెల్ తగిలి చర్మం దురద పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారని యూరప్ 1994లోనే బట్టల రివెట్లకూ జిప్పులకూ పరిమితి పెట్టింది. నడుం దగ్గర దద్దురు వచ్చాక చదువుకోవచ్చు.

నిజం చెప్పాలంటే, కాలరు మూలలకు రెండు, జేబు మూతలకు రెండు పడగానే జాకెట్ బాగుంటుంది. కొట్టేవారికి అది తెలుస్తుంది కూడా. కానీ ప్యాకెట్ ఇంకా నిండుగా ఉంటుంది. ముగ్గు పూర్తయ్యాక పిండి మిగిలిందని చుట్టూ మరో గీత లాగినట్టు, చేయి ఆగదు. ఈ సలహాలు రాస్తున్న చేయికీ మినహాయింపు లేదు. బాగుండటం సరిపోదు, తామే చేశామని దూరం నుంచే తెలియాలి.

ఉతుకు: తిరగేసి, చేత్తో. మెషీన్‌లో వేస్తే ఇరుగుపొరుగుకి కూడా వినబడుతుంది. ఇనుపవైతే తుప్పు మరకలు ఉచితం.

ఎక్కువయ్యాయనిపిస్తే పీకేయవచ్చు. ఒక్కో పిరమిడ్ పోతూ నాలుగు రంధ్రాలు వదులుతుంది. వాటి మీద ప్యాచ్ కుట్టాలి. ప్యాచ్ బోసిగా కనిపిస్తే, డబ్బాలో ఆ నక్షత్రాలు ఎలాగూ ఉన్నాయి.