థంబ్ పెట్టగలరు: సటీక, సతాత్పర్యం

అవతారిక

టీకా అంటే సూదిమందు అనుకునే రోజులు కాబట్టి ముందే మనవి చేస్తున్నాను, ఇది ఆ టీకా కాదు. కావ్యం పక్కన చతికిలబడి, మాట మాటకీ అర్థం చెప్పి, విద్యార్థిని పరీక్ష గట్టెక్కించే టీక. మెదకు సీమ కొలిచెలమ వాడు మల్లినాథసూరి కాళిదాసుకు చేసిన సేవ అదే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ప్రతిజ్ఞ చేసుకున్నాడు. నేను ఆ రెంటిలో ఒక్కటీ పాటించడం లేదు. ఆయనకు దొరికింది మేఘసందేశం, నాకు దొరికింది వాట్సాప్ సందేశం.

మా ఊరి విశ్రాంత ఉద్యోగుల గ్రూపులో అరవై నలుగురం ఉన్నాం. కళలు కూడా అరవై నాలుగే, వాటిలో టైపింగు లేదు. మొన్న పొద్దున ఆరుంబావుకు, గులాబీల మీద అచ్చేసిన పదకొండు శుభోదయాల నడుమ, ఈ మూలం వెలువడింది. మూలకారుడి పేరు చెప్పను. పెద్ద ఉద్యోగం చేసి దిగినవారు. ఒకప్పుడు వారి సంతకం కోసం ఫైళ్ళు వరండాలో నిలబడేవి.

మూలం

"సభ్యులందరికీ ముఖ్య గమనిక. నేటి పిల్లలు కె, హ్మ్ అంటూ తెలుగు భాషను ఖూనీ చేయుచున్నారు. భాషను కాపాడుకోవడం మన భాద్యత. కావున గ్రూపు సభ్యులు శుద్ధ తెలుగులో మాత్రమే మెసేజ్ పెట్టగలరు. ఓకే అయినవారు థంబ్ పెట్టగలరు."

ప్రతిపదార్థం

సభ్యులందరికీ, ముఖ్య, గమనిక: తేలిక. శుద్ధ తెలుగు, గ్రూపు, మెసేజ్: ఇవి ఒకే బెంచీ మీద కూర్చున్నాయని గమనించిన విద్యార్థికి నా సాయం అక్కర్లేదు, గమనించనివాడికి నా సాయం చాలదు. ఖూనీ: ఉర్దూ దారిన వచ్చింది. నేరం తెలుగు మీద జరిగితే నేరం పేరుకు పొరుగింటికి వెళ్ళాల్సి వచ్చింది.

చేయుచున్నారు: ఇదే సంగతి పార్కు బెంచీ మీద చెబితే మూలకారులు "చేస్తున్నారండీ" అంటారు. ఫోను చేతికొచ్చేసరికి క్రియకు పంచె కడతారు. పోనీ, కట్టారు. తరువాతి వాక్యంలో "కాపాడుకోవడం" మాత్రం లాగూలోనే తిరుగుతోంది. గ్రాంథికం కావాలంటే అది "కాపాడుకొనుట" కావద్దూ? ఈ రోగాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు ఏనాడో పట్టేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులు తమ గ్రాంథికంలోనే ఎన్ని తప్పులు చేశారో ఏరి ఏరి చూపించి, ఆ పుస్తకానికి "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం" అని పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మా గ్రూపులో వచ్చే సందేశం: "జరుపుకొనుచున్నాము."

భాద్యత: మాట ఇలాగే ఉంది. పాఠాన్ని దిద్దడం టీకాకారుడి పని కాదు గనక ఉన్నదాన్నే సమర్థించాలి. భ అంటే నక్షత్రం, భచక్రంలో ఉన్న భ. భ, ఆద్యత కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి భాద్యత. అంటే నక్షత్రాలలో మొదటిది కావడం, అనగా అశ్విని కావడం. భాషను కాపాడుకోవడం మన అశ్వినీత్వం అని అన్వయం. పక్షాంతరం కూడా ఉంది. భా అంటే వెలుగు, ఆద్యమంటే తినదగినది అని కూడా అర్థం. అప్పుడు భాద్యత అంటే వెలుగును ఆరగించే యోగ్యత. కాపాడతామంటూనే తినేయడం. ఈ రెండో పక్షమే మూలకారుడికి సమ్మతమని నా నమ్మకం.

పరిహాసం పక్కన పెడితే, ముప్పై మూడేళ్ళు ఎర్రసిరాతో నేను దిద్దిన మాట ఇదే. బాధ్యతలో ఒత్తు బకారానికి లేదు, దకారానికి ఉంది. ఫోన్లు రాకముందూ ఈ ఒత్తు ఇలాగే దారి తప్పేది, ఫోన్లొచ్చాక దానికి రోడ్డు కూడా వేసినట్టయింది. మా తరం తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడుతుంది, ఫోను దాన్ని తెలుగులోకి తిప్పుతుంది. హెచ్ అనే అక్షరం బి పక్కన పడితే భ, డి పక్కన పడితే ధ. హెచ్చు ఎక్కడ పడిందన్న దాన్ని బట్టే తగ్గు.

కె: ఇక్కడ కొంచెం నిలబడాలి.

ఏకాక్షర నిఘంటువులు చూస్తే క అంటే బ్రహ్మ, గాలి, సూర్యుడు, నీరు, తల, సుఖం. ఒక్క హల్లులో అంత సంసారం. హిరణ్యగర్భ సూక్తంలో ఋషి ఏ దేవుడికి హవిస్సు అర్పించాలని మళ్ళీ మళ్ళీ అడిగాడు. తరువాతివారు ఆ ప్రశ్ననే పేరుగా తీసుకుని ప్రజాపతిని "క" అన్నారు. ఇక అచ్చు సంగతి. సంస్కృతంలో హ్రస్వ ఎకారం లేదు, తెలుగులో ఉంది. కాబట్టి పిల్లవాడి కె అక్షరంలో క ఎవరిదైనా, ఎ మాత్రం మనది. మూలకారుడి సందేశంలో అంత కచ్చితంగా తెలుగైన ముక్క మరొకటి వెతకాలి.

పొట్టిగా రాయడమే ద్రోహమంటారా? మా నాన్నగారి ఉత్తరాలు గుచ్చిన ఇనపతీగ ఇప్పటికీ అటక మీద ఉంది. ఈ మూలం చదివిన రోజే దించాను. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో నలభై ఏళ్ళ సంసారం. ప్రతి కార్డుకూ నడిబొడ్డున తుప్పు పట్టిన చిల్లు. తీసి చదివితే ఏమున్నాయి? "మ.రా.రా.శ్రీ." మహారాజరాజశ్రీ అన్నమాట. ఊళ్ళో గుమాస్తాకూ అదే, తాలూకాఫీసు బంట్రోతుకూ అదే. రాజును పలికేంత తీరిక లేక చుక్కలు పెట్టారు. "చి.ల.సౌ." చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి, ముగ్గురినీ ఒకే రిక్షా ఎక్కించారు. "బ్ర.శ్రీ.వే." బ్రహ్మశ్రీ వేదమూర్తులు, మా తాతగారు. వారి వేదం మొదటి అక్షరం దగ్గరే ఆగింది. ఆ తరువాత "ఉభయకుశలోపరి". ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమం, ఆ పైన అసలు సంగతి అని ఒక్క సమాసంలో తేల్చేశారు. కార్డులో జాగా చాలక చివరి సంగతి అంచు వెంట నిలువుగా పాకేది. ముఖ్యమైనదంతా ఆ అంచు మీదే ఉండేది. అప్పు అడిగినా అక్కడే, పెళ్ళి తప్పిపోయినా అక్కడే.

ఒక కార్డు చేతికి తగిలినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయింది. మా నాయనమ్మకు ఆమె అన్నగారు రాసింది. పైన "గం.భా.స." గంగాభాగీరథీ సమానురాలట. భర్త పోయిన తెల్లారి నుంచి ఆమెకు వచ్చిన ప్రతి ఉత్తరం మీదా పేరుకు ముందు ఆ మూడక్షరాలే. ఆవిడకు చదువు రాదు. కార్డు చదివిపెట్టే పిల్లలం ఆ మూడక్షరాలూ గట్టిగా చదివేవాళ్ళం, అర్థం తెలియక. భాషను పొడి అక్షరాలు చేసి పాడు చేశారని పిల్లలను అనేముందు, పొడి అక్షరాలతో మనుషులను ఏం చేశామో కూడా తీగ దించి చూసుకోవాలి.

తంతి సంగతి చెప్పక్కర్లేదు. మాటకింత అని లెక్క. మూలకారుడే కదా, ఉద్యోగంలో ఉండగా, "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అనే నాలుగు మాటల ఇంగ్లీషు అందుకుని నాలుగు బస్సులు మారి వెళ్ళింది? అందులో కర్త ఎవరు, క్రియ ఎక్కడ అని ఆయన అడిగారా? తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఇంత వ్యాకరణం లేని భాషకు అంత రసపుష్టి మరెక్కడా చూడలేదు. 2013 జూలైలో దాన్ని ఆపేశారు. అప్పుడు మాత్రం అందరం నిట్టూర్చాం, ఒక మహాకావ్యం అంతరించినట్టు.

అసలు క్లుప్తత మన వ్యాకరణాల కులదైవం. అర మాత్ర తగ్గించగలిగితే కొడుకు పుట్టినంత పండగ చేసుకుంటారని వైయాకరణుల గురించి నానుడి. పాణిని ఎనిమిది అధ్యాయాల్లో దాదాపు నాలుగు వేల సూత్రాలు చెప్పి, ఆఖరి సూత్రంలో అకారాన్ని రెండుసార్లు రాసి ఊరుకున్నాడు. అంతే. దాని మీద వ్యాఖ్యానాలు పుట్టాయి. మా మనవడు ఒకసారి కె రాసి ఊరుకుంటే గ్రూపులో గమనిక పుట్టింది.

ఎక్కడున్నాం? గలరు దగ్గర.

పెట్టగలరు: ఇదీ నన్ను ఈ టీకకు పురికొల్పిన శబ్దం. కల అంటే ఉండటం. చేయగలడు అంటే చేసే శక్తి ఉన్నవాడు. రాగలడు అంటే వస్తాడని ఊహ. శక్తి, సంభావన, భవిష్యత్తు, ఇంతవరకే దీని పరిధి. "మెసేజ్ పెట్టగలరు" అంటే, వ్యాకరణం ప్రకారం, మెసేజ్ పెట్టే సామర్థ్యం ఈ ముసలివాళ్ళకు కలదని ధ్రువపత్రం. లేదా, రాబోయే కాలంలో ముసలివాళ్ళు మెసేజ్‌లు పెట్టగలరు, కృష్ణకు వరద రాగలదు అన్నట్టు కాలజ్ఞానం. పెట్టమని అడగడం ఇందులో ఏ మూలా లేదు.

మరి ఇది అభ్యర్థన ఎలా అయింది? నా ఊహ చెబుతాను. మొదట "పంపగలరని ప్రార్థన" అని ఉండేది. కింది గుమాస్తా పై అధికారికి రాసేటప్పుడు ప్రార్థన తప్పనిసరి. పై అధికారి కిందికి రాసేటప్పుడు ప్రార్థించడం చిన్నతనం, ఆజ్ఞాపించడం మోటుతనం. అందుకని మధ్యలో కోసేసి "పంపగలరు" దగ్గర ఆపారు. ప్రార్థన అధ్యాహార్యం అయింది, అంటే చదివేవాడు తన సొంత ఖర్చుతో తెచ్చుకోవలసింది. అక్కడి నుంచి అది బస్టాండు బోర్డుకూ, పెళ్ళిపత్రికకూ, నీళ్ళ ట్యాంకరు నోటీసుకూ పాకింది. "గమనించగలరు." "సహకరించగలరు." "చెప్పులు బయట విడువగలరు." విడవగలం, ఎందుకు విడవలేం?

కనుక పిల్లలు ఓకేను కోసి కె చేశారు, మనం ప్రార్థనను కోసి గలరు చేశాం. వాళ్ళు కోసింది ఒక అచ్చును, మనం కోసింది మర్యాదను. ఇందులో ఖూనీ అనదగినది ఏదో సభ్యులు నిర్ణయించాలి.

థంబ్: బొటనవేలు. థంబ్ పెట్టడం అంటే తెలుగులో వేలిముద్ర వేయడం.

1991లో నేను నెల్లూరు జిల్లాలో పనిచేస్తున్నాను. అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడుస్తోంది. రాత్రిపూట లాంతరు పెట్టి, పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి పలక మీద పేరు దిద్దించేవాళ్ళం. ఒకామె ఉండేది, అరవై దాటినది. సొసైటీలో ఎరువు తీసుకున్నప్పుడల్లా వేలిముద్ర వేసి, ఆ సిరాను నెత్తిన జుట్టుకు రుద్దుకునేది. మూడు నెలలు పట్టింది ఆమెకు సంతకం రావడానికి. మొదటిసారి కాగితం మీద పేరు రాసిన రోజున కూడా, అలవాటు కొద్దీ, ఏ సిరా అంటని బొటనవేలిని జుట్టుకు రుద్దుకుంది. ఆ జిల్లాలోనే, అక్షరాస్యత వాచకంలోని సారా కష్టాల సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం వస్తే మనిషి ఏం చేయగలడో, అవును, ఇక్కడ గలడు సరైన ప్రయోగమే, అప్పుడు చూశాను.

ఇప్పుడు డిగ్రీలు, డిపార్టుమెంటు పరీక్షలు, ముప్పై ఏళ్ళ నోట్‌ఫైళ్ళు ఉన్న అరవై నలుగురం వేలిముద్రకు తిరిగి వచ్చాం. జుట్టుకు రుద్దుకుందామంటే జుట్టు కూడా మిగల్లేదు.

పోయిన మాఘంలో మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. గ్రూపులో రాశాను. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిచూసుకుని, శుద్ధమైన తెలుగులో ఏడు వాక్యాలు రాశాను. నలభై ఒక్క బొటనవేళ్ళు లేచాయి. మూలకారులది మొదటిది. ఆపరేషన్ బాగుందనా, మోకాలు పోయినందుకు మెచ్చుకోలా, అన్వయం కుదరక నేను ఆసుపత్రి వరండాలో చాలాసేపు ఫోను చూస్తూ కూర్చున్నాను. ఒక్కరూ ఫోను చేయలేదు. చేశారని అబద్ధం రాసి ఈ టీకకు మంగళాంతం ఇవ్వలేను.

హైదరాబాదులో చదువుకుంటున్న మనవడికి కూడా ఆ ఏడు వాక్యాలే పంపాను. జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చింది. "కె. నాయనమ్మ తిందా." చివర ప్రశ్నార్థకం కూడా లేదు. నాయనమ్మ కర్త, తినడం క్రియ, ఆ అన్నది ప్రశ్న. గుర్తు పెట్టకపోయినా ప్రశ్న ప్రశ్నే, ఎందుకంటే తెలుగులో ఇలాంటి ప్రశ్న క్రియ చివరి దీర్ఘంలోనే ఉంటుంది. ఆ దీర్ఘం గ్రూపులో ఒక్కరి దగ్గరా దొరకలేదు నాకు.

తాత్పర్యం

పిల్లలు అక్షరాలు మింగుతున్నారు, నిజమే. మనమూ మింగాం. పిల్లల చేత తెలుగు రాయించాలి, అదీ నిజమే. నాకూ ఆ కె చూస్తే చెయ్యి ఎర్రపెన్ను మీదికే పోతుంది. కానీ భాష ఒక అక్షరం తగ్గితే చావదు. ఎదుటివాడి సంగతి అడగడం మానేస్తే, ఎన్ని ఒత్తులు సరిగ్గా పెట్టినా అది నోటీసు బోర్డే.

కాబట్టి మూలకారులకూ, చదువరులకూ నాదొక విన్నపం. గలరు మానండి. మర్యాదకు మన భాషలో అండి అని చిన్న ప్రత్యయం ఉంది, మాత్రలు తక్కువ, ఖర్చు లేదు. ఎవరైనా ఒంట్లో బాగాలేదని రాస్తే బొటనవేలు దించి, తిన్నారా అని ఒక్క మాట అడగండి. తప్పులున్నా ఫరవాలేదు, దిద్దను.

"అడగగలరు" అని రాయడం లేదు. అడగండి.